నాలుగు తాళ్లు

“మనిషిని దించితేనే బండి ఎక్కిస్తా. లేదంటే నా దారి నాది.”

ట్రాక్టరు దిగకుండానే అన్నాడు చెంచయ్య. ఉదయగిరి పొలిమేరలో రేకుల గది ముందు మూడు చక్రాల స్కూటరు ఉంది. దాని మీద గురుస్వామి కూర్చుని ఉన్నాడు. తలకు మంకీ క్యాపు, కళ్లకు నల్లద్దాలు, నడుము నుంచి పాదాల దాకా కంబళి.

“వాడికి కాళ్లు రావు గదా అబ్బయా. ఎత్తి దించడం నా వల్ల కాదు. రాత్రంతా జ్వరం. ఇప్పుడే నిద్ర పట్టింది” అంది ఓబులమ్మ.

అబద్ధం. ఆమె కొడుకు తెల్లవారుజామునే పోయాడు. టీ ఫ్లాస్కు తగిలించుకుని, బేరానికి బయలుదేరుతూ, స్కూటరు తాళం తిప్పబోయి అలాగే ఆగిపోయాడు.

అనంతసాగరం దగ్గర సొంతూళ్లో, తండ్రి పక్కన పూడ్చాలి. శవమనగానే ఏ బండివాడూ ఒప్పుకోలేదు. పక్కింటాయన చివరగా ఫోన్ చేసింది ఈ చెంచయ్యకే. “నాది ట్రాలీ, పాడె కాదు” అని పెట్టేశాడు. కాసేపాగి ఇంకో ఫోన్ నుంచి ఓబులమ్మే చేసింది. స్కూటరు తీసుకుపోవాలి, అంతేనని చెప్పింది.

దవడ జారకుండా క్యాపు కింద గుడ్డ బిగించింది. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టడం మాత్రం మానేసింది. ఆ కట్టు కంటపడితే పసిపిల్లలకైనా సంగతి తెలిసిపోతుంది. బిడ్డకు ఆ కాస్త కూడా చెయ్యలేకపోయానే అని లోపల కుమిలిపోతోంది.

“ఏంది పెద్దమ్మా, పెళ్లికొడుకు మాదిరి ముస్తాబు చేసినావు? నల్లద్దాలు కూడానా!”

“వాడికి ఎండ పడదులే.”

చెంచయ్య ఆ నల్లద్దాల వంక ఇంకోసారి చూశాడు. ట్రాలీని వెనక్కి నడిపి పక్కనున్న మట్టిదిబ్బకు ఆనించాడు. వెనక తలుపు దించితే దిబ్బా ట్రాలీ ఒకే మట్టానికి వచ్చాయి. ఇద్దరూ కలిసి స్కూటరును లోపలికి నెట్టారు.

“హ్యాండిల్‌కి బిగించి కట్టు అబ్బయా.”

“హ్యాండిల్‌కి కడితే మొదటి గుంతకే పక్కకు ఒరుగుతాది. కింద చట్రానికి కట్టాల. నాలుగు మూలలకు నాలుగు తాళ్లు.”

“వాణ్ణి నేను కడతా. నువ్వు వాడి జోలికి పోవద్దు” అంటూ ఓబులమ్మ పాత చీరతో కొడుకు నడుమును సీటుకు బిగించింది.

చెంచయ్య ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. తాడు దూర్చడానికి కంబళి అంచు కొద్దిగా ఎత్తాడు. ఆమె చటుక్కున ముందుకు వంగింది.

“పెద్దమ్మా, చక్రాల కింద రాళ్లు పెట్టాల. ఆ గోడవారన ఉండాయి, పట్టుకరా.”

“ఇప్పుడేనా?”

“దార్లో దొర్లినాక పెడతావా?”

గబగబా దిగి పరిగెత్తింది. రొప్పుతూ తిరిగొచ్చేసరికి అతను భుజమ్మీది పచ్చగళ్ల తువ్వాలు చించి, ఒక పీలికతో బ్రేకు లివరును హ్యాండిల్‌కు అదిమి కడుతున్నాడు. కంబళి పాదాల మీదే ఉంది. ఓబులమ్మ రాళ్లు కింద పెట్టింది.

“ఇంక కదలదు పో” అని రాళ్లు అడ్డం పెట్టాడు చెంచయ్య.

దుత్తలూరు దాటాక కానిస్టేబులు ఆపాడు. లాఠీతో ట్రాలీని తట్టాడు.

“పైన కూర్చుంది ఎవడ్రా? ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదని తెలీదా? లేపు వాణ్ణి!”

ట్రాలీలో పక్కనే కూర్చున్న ఓబులమ్మ, కొడుకు చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి కర్రలా బిగుసుకుపోయి ఉంది.

“కాళ్లు రానోడు సార్. రాత్రంతా జ్వరమంట, ఇప్పుడే నిద్ర పట్టింది. లేపబాకండి” అన్నాడు చెంచయ్య.

“పడితే ఎవడిదిరా పూచీ?”

“నేను కట్టినా సార్. పడడు.”

కానిస్టేబులు విసుగ్గా చెయ్యి ఊపాడు. తను చెప్పిన అబద్ధాన్నే ఈ అమాయకుడు పోలీసుకు కూడా చెప్పాడే అని ఓబులమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆత్మకూరులో ఆగి చెంచయ్య తాళ్లన్నీ లాగి చూశాడు. వదులైన ఒక్కదాన్ని మళ్లీ బిగించాడు. చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. నడిరోడ్డులో దించేస్తే? నోరు మూసుకుంది.

“ఎండెక్కింది. వాడి మొహాన కొంగు కప్పు పెద్దమ్మా” అని ట్రాక్టరు ఎక్కాడు.

సొంతూళ్లో ఆడబిడ్డ దేవకమ్మ వీధి చివరే నిలబడి ఉంది. ట్రాక్టరు వెళ్లేదాకా ఎవరూ ఏడవకూడదని ఓబులమ్మ ముందే ఫోన్లో చెప్పింది. అందరూ నోట్లో కొంగులు కుక్కుకుని చూస్తున్నారు. చెంచయ్య ట్రాలీని ఎత్తయిన గట్టుకు ఆనించాడు. తాళ్లు విప్పాడు, రాళ్లు తీశాడు. బ్రేకుకు కట్టిన పీలిక ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు. నలుగురూ పట్టి స్కూటరును మెల్లగా కిందికి నెట్టారు.

చెంచయ్య ఎవరి మొహమూ చూడలేదు. మంచినీళ్లు ఇస్తే వద్దన్నాడు. పోయొస్తానని కూడా అనకుండా ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

“ఏం మనిషి! పోయొస్తానని ఒక్క మాట కూడా లేదే” అంది దేవకమ్మ.

ట్రాక్టరు మలుపు తిరిగింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వీధంతా బద్దలైంది.

“బొటనవేళ్లన్నా కట్టలేకపోయినానే నా బిడ్డకి!” ఓబులమ్మ గుండెలు బాదుకుంది.

“ఇప్పుడు కడదాంలే వదినా” అంటూ దేవకమ్మ వంగి కంబళి తొలగించింది.

గురుస్వామి బొటనవేళ్లు రెండూ కలిపి గట్టిగా కట్టి ఉన్నాయి, పచ్చగళ్ల తువ్వాలు పీలికతో.