స్టార్ట్ కాని షెవెల్

ఇంజిన్ తిరిగింది గానీ అంటుకోలేదు.

"ఇంకోసారి" అన్నాడు జితేందర్, తెరిచిన బానెట్ మీదకి వంగి.

డ్రైవర్ సీట్లో ఉన్న నమ్రత మళ్లీ తాళం తిప్పింది. గ్యారేజ్ నిండా పెట్రోల్ వాసన. ఇంజిన్ గర్రుమంది. అంతే.

జితేందర్ డిస్ట్రిబ్యూటర్ మూత విప్పాడు. లోపల రోటర్ లేదు. చిన్న ప్లాస్టిక్ ముక్క అది. అది లేకపోతే ప్లగ్గులకి కరెంటు అందదు, ఎంత పెద్ద ఇంజినైనా ఉత్త ఇనుమే. నిన్న సాయంత్రం తన చేత్తో బిగించాడు.

"ఎవడో తీస్తుండు" అన్నాడు.

భార్య కారు దిగింది. "నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావ్."

"పోయిన వారం కాయిల్ వైరు. అంతకుముందు కార్బురేటర్ స్ప్రింగు. అన్నీ మర్చిపోతనా?"

అది 1970 నాటి అమెరికన్ మోడల్, షెవెల్. చూడ్డానికి కారు, లోపల లారీకి సరిపోయే ఇంజిన్. పెళ్లయిన కొత్తలో, ఇర్వింగ్‌లో ఈ ఇల్లు కొన్న ఏడాది, ఎవరి పొలంలోనో తుప్పుపట్టి ఉంటే ఇద్దరూ వెళ్లి ట్రెయిలర్ మీద తెచ్చుకున్నారు. జితేందర్‌కి అదే మొదటి పాత కారు. బాగుచేసి, ఎర్ర రంగు వేయించి హైవే ఎక్కాలనుకున్నాడు. తర్వాత ఆఫీసులు, సాఫ్ట్‌వేర్ రిలీజులు, వీసా తిప్పలు. కారు మీద టార్పాలిన్ పడింది. టార్పాలిన్ మీద అట్టపెట్టెలు చేరాయి.

ఈ వేసవిలో ఆ పెట్టెలు దించాడు. ఎలాగైనా పూర్తి చేస్తానని నమ్రతకి మాటిచ్చాడు. వీకెండ్ వస్తే ఇద్దరూ గ్యారేజ్‌లోనే. మొదట్లో ఆమె లైటు పట్టుకుని నిలబడేది. తర్వాత వీడియోలు చూసి వెనక బ్రేకులు తనే విప్పింది. ఒకసారి ముక్కు మీద గ్రీజుతో పకపకా నవ్వింది. జితేందర్ చేతిలో స్పానర్ అలాగే ఆగిపోయింది.

"ఈ వారం అయిపోతుందా?" అని మాత్రం ప్రతి శనివారం అడిగేది. ఆలస్యం చేస్తున్నది తనేనని అతను తల దించుకునేవాడు.

ఎంత ఆలోచించినా అతని అనుమానం దివాకర్ దగ్గరే ఆగుతోంది.

దివాకర్ రెండు వీధుల అవతల ఉంటాడు. ఇద్దరికీ పెద్దదిక్కులాంటి మనిషి. వారం వారం ఫోన్ చేస్తాడు. "కారు ఎంతవరకు వచ్చింది? స్టార్ట్ అయితే చాలు, కొనేవాళ్లు నా దగ్గర రెడీగా ఉన్నారు" అంటాడు. నడిచే షెవెల్‌కి పలికే ధర నడవని షెవెల్‌కి పలకదు. వీళ్లు విసిగిపోయి, ఉన్నదున్నట్టు వదిలించుకుంటే లాభం ఎవరికి? పైగా గ్యారేజ్ కోడ్ ఆయనకి తెలుసు. ఇండియా వెళ్లినప్పుడు మొక్కలకి నీళ్లు పొయ్యమని వీళ్లే ఇచ్చారు.

"దివాకర్ గారి మీద అనుమానమా? ఛీ" అంది నమ్రత.

"మరి ఇంకెవరు?"

ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంది.

జితేందర్ కోడ్ మార్చాడు. కొత్త రోటర్ తెప్పించి బిగించాడు. ఆ వారం పెట్రోల్ గొట్టం మాయమైంది. కొత్త కోడ్ కూడా దివాకర్ ఎలాగో కనిపెట్టాడనుకున్నాడు.

ఈసారి కొత్త గొట్టం బిగించి, అరలో పెయింట్ డబ్బాల వెనక చిన్న కెమెరా పెట్టాడు. నమ్రతకి కూడా చెప్పలేదు. చెబితే దివాకర్‌ని వెనకేసుకొస్తుంది.

అనుకున్నట్టే దివాకర్ వచ్చాడు. "ఇటు పోతూ చూద్దామని ఆగాను" అన్నాడు. కారు చుట్టూ తిరిగాడు. బానెట్‌లోకి తొంగిచూశాడు.

"అయితే శనివారం స్టార్ట్ అవుతుందంటావ్?"

"పక్కా అయితదన్నా." కావాలనే గట్టిగా చెప్పాడు జితేందర్.

శుక్రవారం లాస్ కొలీనాస్‌లో, ఆఫీస్ మీటింగ్ మధ్యలో, జేబులో ఫోన్ వణికింది. గ్యారేజ్‌లో ఎవరో ఉన్నారు. బల్ల కింద పెట్టుకుని చూశాడు. తలుపు తెరుచుకుంటోంది. వీధివైపుది కాదు. ఇంట్లోంచి వచ్చేది.

నమ్రత.

బానెట్ ఎత్తింది. అలవాటైన చేతులతో డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, రోటర్ తీసి జేబులో వేసుకుంది. మూత మళ్లీ పెట్టేసింది. వెళ్లిపోలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని స్టీరింగ్ మీద తల ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

జితేందర్ మీటింగ్‌లోంచి లేచి వచ్చేశాడు. దారి పొడవునా అడగాల్సినవి కూడబలుక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. "తొందరగా వచ్చావే" అంది. అతను కారు తాళాలు బల్ల మీద పెట్టాడు. ఇంతలో దివాకర్ ఫోన్. స్పీకర్‌లో పెట్టాడు.

"ఏం జితేందర్, రేపటికి రెడీయేనా?"

"లేదన్నా. మళ్లా ఏదో పార్ట్ పోయింది."

"అదేంటయ్యా! ఇలాగైతే ఇంకెప్పటికి అవుతుంది?"

నమ్రత చేతిలో కత్తి ఆగింది. తలెత్తింది. జితేందర్ ఆమె కళ్లలోకే చూస్తూ చెప్పాడు.

"ఇప్పట్లో కాదన్నా."

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది.

"సరే మరి, ఆ కారొక్కటీ అమ్మి పంచుకునేదాకా మీ విడాకుల పేపర్లు కోర్టులో వెయ్యొద్దని ఇద్దరూ చెప్పారు కాబట్టి, ఫైలు అలాగే పక్కన పెడతాను" అన్నాడు లాయర్ దివాకర్.