ఉడత వంతు వచ్చేసరికి

జంతువులు కూడా చదువు మీద మనసుపడ్డ కాలంలో ఒక అడవిలో గ్రంథాలయం ఉండేది. దానికి పెద్దగా ఉన్న గుడ్లగూబకు ఒకనాడు సిబ్బందినంతా నాయకుల్ని చేయాలనిపించింది. నాయకత్వం మీద లావుపాటి పుస్తకం తెప్పించి, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టింది.

"తలా ఒక పేజీ చదవాలి. పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. ఇది పూర్తయ్యేదాకా వేరే ముచ్చట వద్దు" అంది.

ఉడతకు మాత్రం ధ్యాస నిలవలేదు. అది ప్రాణంగా చూసుకునే పిల్లల బొమ్మల కథల పుస్తకాల అరకు చెదలు పాకుతున్నాయి.

"అమ్మగారూ, అక్కడ చెదలు..."

"నీ వంతు రానీయవే, అంత తొందరేమిటి?" అని కసిరింది కొంగ.

తాబేలు తన పేజీ ముగించేసరికి వానాకాలం వెళ్లిపోయింది. చివరికి పుస్తకం ఉడత చేతికొచ్చింది.

"ఆపదను ముందుగా చూసినవాళ్లు ఆ క్షణమే చెప్పాలి" అని చదివింది.

ఎంత గొప్ప మాటో అని అన్నీ తలలూపాయి. ఆ వెనకే అర కాస్తా కూలి మట్టికుప్పయింది.

గుడ్లగూబ కళ్లు చెమర్చాయి. "ఎంత ఓపికగా కూర్చున్నావే తల్లీ. నాయకురాలంటే నువ్వే. ఇకనుంచి ఆ అరకు పెద్దవు నువ్వే" అంది.

కొత్త పెద్ద వెళ్లి చీపురు తెచ్చుకుంది.