బాడీ

జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళకి బాడీ అంటే కండలు. సొసైటీ ఎన్నికల్లో గెలిచినవాళ్ళకి బాడీ అంటే తమ కమిటీ. రాజమండ్రి షెడ్డులో పాతికేళ్ళుగా లారీలకి చెక్కలు బిగిస్తున్న బుల్లబ్బాయికి మాత్రం బాడీ అంటే ఒక్కటే, లారీ వెనకాల తను కట్టేది.

ఆ మాట వింటే ఇంత రోత పుడుతుందని అతనికి ఈ రోజే తెలిసింది.

పొద్దున్నే లారీ ఓనరు జగన్నాథరావు కారేసుకుని ఇంటికొచ్చాడు. తుని దగ్గర బస్సు గుద్దేసిందనీ, డ్రైవరు పెద్దిరాజుని ఆసుపత్రికి తీసుకెళ్ళారనీ, వెంటనే బయల్దేరమనీ చెప్పాడు. పెద్దిరాజు బుల్లబ్బాయికి ఒక్కగానొక్క తమ్ముడు. చెప్పులైనా వేసుకోకుండా కారెక్కాడు. తమ్ముడు బతికితే చాలు. కాలో చెయ్యో పోయినా తను సాకుతాడు.

జగ్గంపేట దాటాక ఓనరు ఫోను మోగింది. కారు పక్కకి ఆపి, దిగి, నాలుగడుగులు అవతలికి వెళ్ళి మాట్లాడాడు. అద్దం దించి ఉండటంతో అంతా వినబడుతూనే ఉంది.

"బాడీ బాగా నలిగిందా, సామ్యేలూ?" అని తుని ఆఫీసు గుమాస్తాని అడుగుతున్నాడు.

బుల్లబ్బాయికి ఒళ్ళు మండింది. మూడు నెలల కిందట తమ్ముడు నడిపే లారీకి బాడీ కట్టింది తనే. నలిగితే మళ్ళీ కడతాడు. దానికింత చాటుగా మాట్లాడటం దేనికి? ఎవడైనా ముందు మనిషి సంగతి అడుగుతాడు. ఈయన చెక్కల సంగతీ రేకుల సంగతీ అడుగుతున్నాడు.

కత్తిపూడిలో మళ్ళీ ఫోను, మళ్ళీ అదే గోల. బాడీని ఎండలో ఉంచొద్దన్నాడు. కాకినాడ పంపొద్దనీ, జరగాల్సిన పనేదో తునిలోనే కానిచ్చేయమని అక్కడివాళ్ళని బతిమాలమనీ చెప్పాడు. సాయంత్రంలోగా బాడీని రాజమండ్రి తెచ్చేయాలన్నాడు. పెద్దిరాజు పేరు మాత్రం ఒక్కసారైనా ఎత్తలేదు.

ఛీ, ఇలాంటివాడికా తమ్ముడు పదేళ్ళు నిద్ర మానుకుని చాకిరీ చేసింది? అతని పక్కన కూర్చోడానికే బుల్లబ్బాయికి అసహ్యం వేసింది.

అన్నవరం దగ్గర ఇక ఉగ్గబట్టుకోలేకపోయాడు.

"బాడీ సంగతి తర్వాత చూసుకోవచ్చండి. అందులో ఉన్న మనిషి ఎలా ఉన్నాడో ఒక్కసారన్నా అడిగారాండి?"

జగన్నాథరావు కారు వేగం పెంచాడు. కళ్ళు రోడ్డు మీంచి తిప్పలేదు.

సిగ్గుపడుతున్నాడు కాబోలు, పడనీ అనుకున్నాడు బుల్లబ్బాయి. కిటికీలోంచి కాండ్రించి ఉమ్మేశాడు.

తుని పొలిమేరలో, హైవే పక్కన, పోలీసులు ఆపి ఉంచిన తమ్ముడి లారీ కనబడింది, బాడీ మీద చిన్న గీతైనా లేకుండా.