ముందు భోంచేయండి

నరసరావుపేట కల్యాణమండపం గుమ్మంలో కోటేశ్వరరావు మొలలో తాళంచెవుల గుత్తి దోపుకుని, రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు.

చిన్నకూతురు హిమజ పెళ్ళి.

పెద్దకూతురి పెళ్ళిలో ఎవరో దూరపు చుట్టం, "తిని పొమ్మన్న దిక్కు లేదు" అని అలిగి వెళ్ళిపోయాడు. ఆ మాట మండలమంతా తిరిగి ఇంటికొచ్చింది. అందుకే ఈసారి ఎవరు కనబడినా ఒకటే పాట.

"ముందు భోంచేయండి బావగారూ!"

పూలవాడికి చెప్పాడు. కరెంటు పనికి వచ్చినవాడికి చెప్పాడు. గుమ్మం పక్కన ఫ్లెక్సీలో నవ్వుతున్న సొంత బావమరిదికి కూడా ఒకసారి చెప్పాడు.

"ముందు భోంచేయండి బావగారూ!"

"ఏందయ్యా, నేను నీ పెళ్ళాన్ని!" అంది గురవమ్మ. "కాస్త మొహం చూసి మాట్లాడు. నోరు ఆడుతోంది గానీ మనిషివి ఇక్కడ లేవు."

"సర్లేవే," అన్నాడు, ఆమె వెనక వస్తున్నవాళ్ళకి దణ్ణం పెడుతూ.

అంతలో జనాన్ని తోసుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు.

"అయ్యా, ఒక్క మాట..."

"ముందు భోంచేయండి బావగారూ!"

"తింటాలేయ్యా. అది కాదు..."

"మాటలు తర్వాత. ముందు భోజనం!"

పెద్దాయన తల గోక్కుంటూ వెళ్ళాడు. కాసేపటికి మళ్ళీ వచ్చాడు.

"తొందరపనయ్యా. ఒక్కసారి ఇను..."

"ఇంకా తినలేదా!"

ఈసారి అలిగేది ఈయనే అనుకున్నాడు కోటేశ్వరరావు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, బంతిలో కూర్చోబెట్టి, దగ్గరుండి వడ్డించాడు. పక్కన మేనల్లుడు శ్రీకాంత్‌ని కాపలా పెట్టాడు.

"పెరుగన్నం తినేదాకా లేవనీయమాకు."

వడ్డించిన విస్తరి ముందు నుంచి ఎవరైనా ఎట్లా లేస్తారు? పెద్దాయన గుమ్మం వైపు ఓసారి, గోంగూర వైపు ఓసారి చూసి, నిట్టూర్చి కలుపుకున్నాడు.

తాళి కట్టడం అయింది. మాచర్ల నుంచి వచ్చిన మగపెళ్ళివారు బంతికి కూర్చున్నారు. కూరలు వచ్చాయి. పచ్చళ్ళు వచ్చాయి. నెయ్యి కూడా వచ్చింది.

అన్నం రాలేదు.

"ఏంది బావా, మీ ఊళ్ళో అన్నం తినరా?" అన్నాడు వియ్యంకుడు.

నవ్వుతూనే అన్నాడు గానీ, కోటేశ్వరరావుకి పెద్దకూతురి పెళ్ళి గుర్తొచ్చింది. అప్పుడు అలిగింది ఒక్కడే. ఇప్పుడు రెండు బస్సుల జనం.

వంటశాలకి పరిగెత్తాడు. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి సగమైంది. అందులో ఒక్క గింజ లేదు.

"వంటమేస్త్రి ఏడమ్మా?"

"బయటికి పోయి చానాసేపైంది బాబాయ్," అంది ఉల్లిపాయలు తరుగుతున్న రషీదా.

మేస్త్రిని మాట్లాడింది బావమరిది. ఆయన నల్లగా ఉంటాడో ఎర్రగా ఉంటాడో కూడా కోటేశ్వరరావుకి తెలియదు. ఇక పరువు పోయినట్టేనని ఏడుపొచ్చింది. గుమ్మం వైపు ఉరికాడు.

చేతులు కడుక్కుని పెద్దాయన ఎదురొచ్చాడు.

కోటేశ్వరరావు చేతులు వాటంతట అవే జోడయ్యాయి.

"భోజనం బాగుందా బావగారూ?"

"నేను వండిందేగా, బాగానే ఉందయ్యా," అన్నాడు పెద్దాయన తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ, "ఇప్పుడన్నా ఆ బియ్యం గది తాళంచెవి ఇస్తావా?"