అదురు తెలియని చేతులు

“నీ తమ్ముడికి ఉన్నవి రెండు చేతులా, ఆరా?” భార్య కొనుక్కొచ్చిన మూడు జతల గ్లవ్స్ చూసి వెటకారం చేశాడు కార్ల షెడ్డు ఓనరు.

“మిషన్ అదురు ఏవి తగ్గిస్తే అవే ఉంచుకుని, మిగతావి వెనక్కిచ్చేద్దాం,” అందామె.

తమ్ముడు మొదటి జత తొడుక్కుని, తెల్లకారు బానెట్ మీద పాలిషింగ్ మిషన్ ఆన్ చేశాడు. “అదురే తెలియట్లేదక్కా!”

రెండో జతకీ అదే మాట. మూడో జతకీ అదే.

“విన్నావుగా? అన్నీ ఒకటే. చవకవి ఉంచు,” అన్నాడు బావ.

అక్క మనసు కీడు శంకించింది. “ఏదీ, ఒట్టి చేతుల్తో పట్టు.”

పట్టాడు. మోచేతుల దాకా అదిరిపోతున్నాయి. “ఇప్పుడూ ఏం తెలియట్లేదు. పన్నెండేళ్ళ అనుభవం మరి!” అన్నాడు గర్వంగా.

“చెప్పానా! గ్లవ్సే దండగ. వీడివి ఉక్కు చేతులు,” పొంగిపోయాడు బావ.

అక్క మిషన్ ఆపింది. గ్లవ్స్ అట్టకున్న గుండుసూది పీకి, తమ్ముడి చూపుడువేలి కొసన గుచ్చింది. ఎర్రటి బొట్టు ఉబ్బింది. అతను ఆమె మొహంలోకి చూస్తూ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

బావ మాత్రం ఆ బొట్టు చూసి ఒక్క ఉదుటున పరిగెత్తుకొచ్చాడు.

“ఒరేయ్, చెయ్యి తియ్! తెల్లకారు!”