ఇసుకలో మూడు పుల్లలు

టెంటు మేకు పీకబోతున్న ముసలాయన చెయ్యి పట్టుకుని లెక్కల మాస్టారు బలంగా లాగాడు.

"ఏమయ్యా, మతుండే చేస్తున్నావా? అరగంట తిప్పలు పడి కొట్టానా మేకు!"

ముసలాయన రెండు అరచేతులూ పైకెత్తాడు. మళ్లీ ఎత్తాడు. గొంతులో గరగర తప్ప మాట రాలేదు.

"మూగవాడండీ, పాపం. ఆకలేమో," అంది భార్య.

రొట్టె ఇస్తే తీసుకోలేదు. నది కేసి చూపించి మళ్లీ మేకు మీద చెయ్యి వేశాడు.

మాస్టారికి ఒళ్లు మండింది. నెలల తరబడి ఊరించి దొరికిన రెండు రోజుల సెలవు ఇది. మెత్తటి ఇసుక, మోకాలి లోతు నీళ్లు, పొయ్యి మీద కాఫీ. నది మలుపు దగ్గర నీలం టెంటు వేసుకున్న వాళ్ల పిల్లలు కూడా కూతురికి చేతులూపి పలకరించారు. ఇంత హాయిలో ఈయనెక్కడ దాపురించాడు!

పొద్దున్నుంచీ ఇదే వరస. వస్తూనే నీటి అంచు నుంచి టెంటు దాకా మూడు పుల్లలు పాతాడు. బాగా ఎండినవి కదాని మాస్టారు పై రెండూ పీకి పొయ్యిలో పెట్టాడు. అది చూశాకే ముసలాయన శివాలెత్తాడు.

"ఇలా కాదు," అని మాస్టారు పోలీసు గస్తీ వాళ్లకు ఫోన్ చేశాడు.

జీపు వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాళ్లిద్దరు చెరో రెక్కా పట్టుకుని ముసలాయన్ని ఎక్కించారు. జీపులోంచి కూడా ఆయన అరచేతులు ఎత్తుతూనే ఉన్నాడు.

"టాటా చెబుతున్నాడు," అని మాస్టారు ఒక్కడే నవ్వుకున్నాడు.

కాసేపటికి నది చప్పుడు మారింది.

"నాన్నా, పుల్ల మునిగిపోయింది."

"పొట్టి పుల్ల కదమ్మా, మునగదా మరి?"

"పొద్దున ఒడ్డు మీదుంది కదా నాన్నా!"

ఊరందరికీ లెక్కలు నేర్పే మనిషికి ఆ చిన్న లెక్క తట్టలేదు. కాఫీ పోసుకున్నాడు.

గ్లాసు సగం కాకముందే పొయ్యి చుయ్యిమంది.

కూతుర్ని చంకనేసుకుని, భార్య చెయ్యి పట్టుకుని గట్టెక్కేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి చూస్తే టెంటు లేదు. ఇసుకే లేదు.

పైనున్న ఆనకట్ట వైపు నుంచి గేట్లు ఎత్తే ఆపరేటర్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు.

"నీళ్లొదిలి అరగంటైంది. మీరింకా ఇక్కడే ఉన్నారేంటి సార్? మూగాయన రాలేదా?"

మాస్టారు జీపు వెళ్లిన దారి కేసి చూశాడు.

"పిచ్చివాడనుకుని... జీపులో పంపించేశాం."

ఆపరేటర్ మొహంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు.

"నీళ్లొదిలేటప్పుడు సైరన్ మోగించక్కర్లేదా?" అని నిలదీసింది మాస్టారి భార్య. భయం ఆమె చేత అరిపించింది.

కూతురు మలుపు వైపే చూస్తోంది.

"నీలం టెంటు వాళ్లకి చెప్పారా అంకుల్?"

ఆపరేటర్ గబాలున బండి అటు తిప్పాడు. దారి అప్పటికే నీళ్ల కింద ఉంది. బండి ఆపేసి, అలాగే నిలబడిపోయాడు.

"సైరన్ పాడై మూడేళ్లయిందమ్మా," అన్నాడు నీళ్లవైపే చూస్తూ, "అప్పట్నుంచీ మా సైరన్ ఆ మూగాయనే."