మూడు కాపీలు

తమ్ముడూ లేదు, గిమ్ముడూ లేదు. వాణ్ణి కోర్టు మెట్లు ఎక్కించందే నిద్రపోకూడదనుకుంటూ జెరాక్స్ షాపు మెట్లెక్కాను.

నా క్రిప్టో ఖాతాను ఎవరో ఊడ్చేశారు. పదేళ్లు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ము. కంపెనీవాళ్లు చేతులు దులుపుకున్నారు. ఖాతా తెరిచే ఆ పన్నెండు రహస్య పదాలను కాపాడుకునే బాధ్యత నాదేనట. కాపాడుకోలేదా మరి? బీరువా లాకర్లోనే పెట్టాను. ఆ సంగతి తెలిసింది వాడొక్కడికే.

"ఒట్టక్కా, ఆ కాగితం నేను చూడనైనా లేదు. ఎవరికీ చూపించొద్దని నీకు చెప్పిందే నేను కదా" అని నిన్న ఫోన్లో ఏడ్చాడు. ఏడవనీ.

పోలీసులకు వాడిమీద రాసిన ఫిర్యాదును షాపతని ముందు పెట్టి, మూడు కాపీలు తీయమన్నాను.

తీసిచ్చాడు. "లామినేషన్ కూడా చేయమంటారా మేడం?"

"పోలీసులకిచ్చే కాగితానికి లామినేషన్ ఎందుకండీ?"

"పోయిన నెల మీ పన్నెండు పదాలు నాతో టైపు చేయించి, తడిసినా చెడకూడదని లామినేషన్ చేయించారుగా. అందుకని అడిగా. అది పోయినా కంగారు పడకండి, ఫైలు ఇక్కడే ఉంది."

అతని కంప్యూటరు తెర వీధివైపు తిరిగి ఉంది. అందులో "ట్యూషన్ మేడం 12 పదాలు" అనే ఫైలు, వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా ఉంది.

కలం తీసి, మూడు కాపీల్లోనూ తమ్ముడి పేరు కొట్టేశాను.

"ఇంతకీ మీ పేరేంటండీ?" అని అడిగాను.